విండోస్ నుంచి మ్యాక్‌కు: పెళ్లిళ్ల సీజన్ ఆగకుండ మారుడెట్ల, పెట్టిన పైసలు కాపాడుకునుడెట్ల

మాది హనుమకొండల చిన్న స్టూడియో. పెళ్లి ఫోటోలు, వీడియో మిక్సింగ్, ఆల్బమ్ డిజైన్, మధ్యల టైమ్ దొరికితే శుభలేఖలు, ఫ్లెక్సీలు గూడ. పదేండ్లు విండోస్ మీదనే నడిపిన, ఇప్పుడు మ్యాక్, అంటే ఆపిల్ కంపెనీ కంప్యూటర్ మీద నడుస్తున్నది. మారినప్పటి సంది పరకాల నుంచి ఒకలు జమ్మికుంట నుంచి ఒకలు ఫోన్ చేసి అన్నా ఎట్లుంది, కొనచ్చునా, మన సాఫ్ట్‌వేర్లు అన్నీ నడుస్తయా అని అడుగుతనే ఉన్నరు, ఒక్కొక్కలకు అర్ధగంట చెప్పుడు కంటె ఒక్కసారి రాసి పెడ్తే పంపియ్యచ్చు కదా అని రాస్తున్న. జర పొడుగే ఉంటది, చాయ్ పక్కకు పెట్టుకోండ్రి.

అసలు మారాలన్న ఆలోచన ఎందుకొచ్చిందంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ ఆపేసింది. మా పాత సిస్టమ్ ఏడో జనరేషన్ ఇంటెల్, విండోస్ 11కు ఎనిమిదో జనరేషన్ నుంచి కావాలె, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలె, మాది లెక్కల రాలే. ఎట్లనో కొత్త మిషన్ కొనాలె కదా, కొనేదేదో మ్యాక్ కొందాం అనుకున్నం. మీ సిస్టమ్ విండోస్ 11 మీద మంచిగ నడుస్తుంటే మాత్రం పక్కోడు కొన్నడని కొనకండ్రి, నేను మొహమాటం లేకుండ చెప్తున్న.

కొనకముందు ఒక వారం, ఒక నోట్‌బుక్

షోరూమ్‌కు పోకముందు చేసే పని ఇది. కంప్యూటర్ పక్కకు ఒక నోట్‌బుక్ పెట్టి వారం రోజులు మీరు ఏ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది రాయుండ్రి, పక్కన ఏ మిషన్ తగిలిస్తే అది గూడ రాయుండ్రి, ప్రింటరు, కార్డ్ రీడరు, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే తగిలిచ్చే పెన్‌డ్రైవ్ లాంటిది), వేలిముద్ర మిషను ఏదైనా సరే. నేను రాసినప్పుడు ఫోటోషాప్, వీడియో మిక్సింగ్‌కు ఎడియస్, తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీ డిజైన్‌కు పాత పేజ్‌మేకర్, లెక్కలకు ట్యాలీ, క్రోమ్, వాట్సాప్ వచ్చినయ్. పేజ్‌మేకర్ మేము వాడుతున్నమన్న సంగతి నాకే యాది లేదు, డిజైన్ చేసే అక్క నెలకు రెండుసార్లు పాత శుభలేఖ ఫైళ్ల కోసం తెరుస్తదట.

ఇగ ఆ లిస్టును మూడు కుప్పలు చేయాలె. రెండు దిక్కులా దొరికేవి ఒక కుప్ప: ఫోటోషాప్, లైట్‌రూమ్, క్రోమ్, ఆఫీస్ ఇవన్నీ మ్యాక్‌ల ఉన్నయ్, అడోబీ చందా మళ్లొకసారి కట్టే పని లేదు, అదే లాగిన్‌తోని విండోస్‌ల, మ్యాక్‌ల రెండింట్ల నడుస్తది. కోరల్ డ్రా గూడ మ్యాక్‌కు వస్తది, గని విండోస్‌కు కొన్న లైసెన్స్ దీనికి పనికొస్తదా లేదా అని కొనేముందే అడుగుండ్రి. రెండో కుప్ప వేరేది నేర్చుకోవాల్సినవి, మాకైతే ఎడియస్. మూడోది మ్యాక్‌ల అసలే నడవనివి, అంటే ట్యాలీ, పేజ్‌మేకర్, అను. మూడో కుప్పల రోజూ కావాల్సింది ఒక్కటున్నా పాత కంప్యూటర్ అమ్ముడు బంద్. ఈ సంగతి కింద మల్ల వస్తది.

ప్యారలల్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది కదా, మ్యాక్‌లనే విండోస్ నడుపుతది కదా అని అడుగుతరు. నడుపుతది. గని ఇప్పటి మ్యాక్‌ల చిప్ ఇంటెల్‌ది కాదు ఆపిల్ సొంతది, అందుకని దాంట్ల నడిచేది ఆర్మ్ విండోస్, అంటే ఆ రకం చిప్‌లకు చేసిన విండోస్, పాత పద్ధతిల బూట్ క్యాంప్ పెట్టి సగం డిస్క్ విండోస్‌కు ఇచ్చుడు కుదరదు. ప్యారలల్స్‌కు వేరే పైసలు, పాత డాంగిల్ డ్రైవర్లు, డిజిటల్ సంతకం టోకెన్లు దాంట్ల మొండికేస్తయ్. చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లకు ఓకే, ఎడియస్‌ల నాలుగు కెమెరాల పెళ్లి కట్ చేసే పనికి ఇది దారి కాదు.

అను లొల్లి

ఇది తెలుగోళ్లకే ఉండే తలనొప్పి, యూట్యూబ్‌ల ఇంగ్లీషు హిందీ వీడియోలల్ల ఎవ్వడూ చెప్పడు, అందుకే దీని కాడ జర సేపు ఆగుతున్న.

మ్యాక్ వచ్చిన రెండో రోజు ఒక శుభలేఖ ఫైలు దాంట్ల తెరిచిన. శ్రీరస్తు ఉండాల్సిన కాడ డాలర్ గుర్తు, రెండు కామాలు, నెత్తి మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. పిల్ల పేరు పోయింది, పిలగాని పేరు పోయింది, తాతల పేర్లు పోయినయ్, తేదీ అంకెలొక్కటే సక్కగున్నయ్. ఫైలు ఖరాబు కాలే. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌ల తెరిచినా తెలుగు తెలుగు లెక్కనే ఉండే పద్ధతి, అను ఫాంట్లు దానికంటె ముందటి పద్ధతివి, ఇంగ్లీషు అక్షరాల జాగాలల్ల మన తలకట్టులు, కొమ్ములు, ఒత్తులు కూసోబెట్టినరు, పైనుంచి ఆ ఫాంట్ తీసేస్తే లోపలున్న ఇంగ్లీషు బయటపడ్తది. ఫాంట్ ఫైలు తెచ్చి మ్యాక్‌ల వేస్తే కొంత వరకు కనపడొచ్చు, గని కొత్తగ టైప్ కొట్టుడు కాదు, కొట్టనిచ్చేది అను స్క్రిప్ట్ మేనేజర్ కదా, అది విండోస్‌ది.

ఇంకో నవ్వులాట ఏందంటే అనుల ఆపిల్ కీబోర్డ్ అనే లేఅవుట్ ఉంటది, మన దిక్కు డీటీపీ ఆపరేటర్లు శానా మంది దాని మీదనే వేళ్లు అరగదీసిండ్రు. మా అక్క గూడ గంతే. ఆపిల్ కంప్యూటర్ వస్తుందంటే ఇగ హాయి అనుకున్నది. తీరా చూస్తే అసలు ఆపిల్ల ఆ ఆపిల్ కీబోర్డ్ రెడీగ లేదు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, తెలుగు క్వర్టీ ఉంది. రెండు రోజులు నాతోని మాట్లాడలే.

దీనికి నేను చేసింది చెప్త. ఒకటి, ఆల్బమ్ టెంప్లేట్లల్ల అనుతోని రాసిన అక్షరాలన్నీ పాత కంప్యూటర్‌లనే ఫోటోషాప్‌ల షేప్ కింద మార్చి సేవ్ చేసిన, అప్పుడు ఫాంట్ లేకున్నా బొమ్మ లెక్క కనపడ్తది, "శుభ వివాహం", "తలంబ్రాలు", "అప్పగింతలు" లాంటి మాటలు ఎట్లనో మారయ్ కదా. రెండు, కొత్తగ రాసేటియి యూనికోడ్‌ల. రామభద్ర, మండలి, సురవరం, పొన్నాల లాంటి తెలుగు ఫాంట్లు ఉత్తగనే గూగుల్ ఫాంట్స్‌ల దొరుకుతయ్, మ్యాక్‌ల కోహినూర్ తెలుగు, తెలుగు సంగం ముందే ఉంటయ్. అయితే ఫోటోషాప్‌ల యూనికోడ్ తెలుగు కొట్టంగనే ఒత్తులు ఊడి పక్కకు పడితే భయపడకండ్రి, టైప్ సెట్టింగుల్ల వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలె, ఇన్‌డిజైన్‌ల అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ల వరల్డ్ రెడీ కంపోజర్. పదిల ఎనిమిది మందికి ఇదొక్కటి తెల్వకనే మ్యాక్‌ల తెలుగు సరిగ రాదు అంటరు.

మూడు, అను మ్యాటరు యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్ల ఉన్నయ్, పనిచేస్తయ్, గని ఒత్తులు అటిటు చేస్తయ్, అచ్చుకు పోకముందు పేర్లు అక్షరం అక్షరం చూసుకోండ్రి. పెళ్లికార్డుల మేనమామ పేరు తప్పు పడ్తే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా.

పాత లేఅవుటే కావాలె అనేటోళ్లకు ఉకులేలే అని ఉత్త సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ మీట కొడ్తే ఏ అక్షరం రావాలెనో మనమే తయారు చేస్కోవచ్చు. ఓపిక కావాలె. మా అక్క మాత్రం పాత విండోస్ మీదనే కూసుంటది, పీడీఎఫ్ చేసి నాకు పంపుతది, ఇద్దరం ఖుషీ.

ఎడియస్ సంగతి

ఎడియస్ మ్యాక్‌కు లేదు. దాని ప్రాజెక్ట్ ఫైలు మ్యాక్‌ల ఏదీ సక్కగ తెరవదు. నడుస్తున్న పెళ్లిళ్లన్నీ పాత దాంట్లనే పూర్తి చేసి ఇచ్చుడు, కొత్త పెళ్లి నుంచి కొత్త దాంట్ల మొదలు పెట్టుడు, నేను చేసింది ఇదే. మధ్యల ఎత్తుకపోవాల్సి వస్తే ఎక్కడెక్కడ కట్ చేసినమో రాసుండే ఈడీఎల్ గనీ ఏఏఎఫ్ గనీ ఫైలు తీసి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల వేస్తే కట్స్ వస్తయ్, టైటిల్స్ ఎఫెక్ట్‌లు రావు, పాటకు కొట్టిన మిక్సింగ్ అంతా మల్ల చేస్కోవాలె.

డావిన్చీ రిజాల్వ్ ఉత్తదే సరిపోతది చాలా మటుకు, 4కే అవుట్‌పుట్ ఇస్తది. ఆపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో కావాలంటే, ట్రయల్ ఎన్ని రోజులుందో ఆపిల్ సైట్‌ల చూస్కోని, దాని మీద పని లాగి చూసి తర్వాత పైసలు పెట్టొచ్చు. మ్యాక్ కొన్న రోజే ట్రయల్ మొదలు పెట్టకండ్రి, చేతిల పెళ్లి ఉన్న రోజు మొదలు పెట్టుండ్రి.

ఏది కొనాలె, ఎప్పుడు కొనాలె

షాపుల కూసోని చేసే పనికి మ్యాక్ మినీ చాలు, ఊర్లకు ఎత్తుకపోయి అక్కడనే టీజర్ కట్ చేసేటోళ్లకు మ్యాక్‌బుక్. ఎమ్4 మ్యాక్ మినీ 2024 నవంబర్ల వచ్చినప్పుడు 59,900 రూపాయలు, 16 జీబీ ర్యామ్, 256 స్టోరేజ్. మానిటర్, కీబోర్డ్, మౌస్ మనవే, పాతవి నడుస్తయ్. గని దానికి పాత యూఎస్‌బీ రంధ్రం ఒక్కటి గూడ లేదు, అన్నీ సీ టైపే, కెమెరా కార్డ్ పెట్టే స్లాట్ గూడ లేదు, ఈ రంధ్రాలు, స్లాట్ ఉండే మంచి హబ్ ఒకటి బడ్జెట్‌ల ముందే రాసుకోండ్రి. పవర్ బటన్ కింద ఉంటది, మొదటి రోజు మేము ముగ్గురం కలిసి వెతికినం.

ర్యామ్ సంగతి గట్టిగ చెప్తున్న. విండోస్ అసెంబుల్డ్ సిస్టమ్‌ల మనకు అలవాటు, ఈ దీపావళికి ఒక ర్యామ్ వచ్చే దీపావళికి ఇంకోటి. మ్యాక్‌ల కొన్నంక ర్యామ్ పెంచుడు ఉండది, చిప్‌తోని కలిసే వస్తది. ఆల్బమ్ షీట్ 12×36 అంటే 300 డీపీఐల 10,800 బై 3,600 పిక్సెల్స్, దాంట్ల ముప్పై లేయర్లు పెడ్తం మనం. 16తోని నడుస్తది, పైసలుంటే 24 తీస్కోండ్రి. స్టోరేజ్ కాడ మాత్రం ఆపిల్ అడిగే రేటుకు తల తిరుగుతది, 256 గనీ 512 గనీ తీస్కోని పని అంతా బయట తగిలిచ్చే ఎస్ఎస్‌డీ (స్పీడుగ నడిచే డిస్క్) మీద చేసుడే నయం.

సెకండ్ హ్యాండ్ చూసేటోళ్లు ఇంటెల్ మ్యాక్ ముట్టకండ్రి, ఎంత తక్కువకు వచ్చినా సరే. 2025ల వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోనే ఇంటెల్ వాటికి ఆఖరుది. ఇంకో మోసం, కంపెనీ లాప్‌టాప్‌లు హైదరాబాద్‌ల సగం రేటుకు అమ్ముతుంటరు, మంచిగనే నడుస్తది, ఒకరోజు ఫార్మాట్ కొట్టంగనే రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఫలానా కంపెనీ పేరు తెర మీద వస్తది, ఇగ అది మీది కాదు. పైసలు ఇవ్వకముందే అమ్మేటోని ముందటనే మొత్తం ఎరేజ్ చేపిచ్చి, నెట్ తగిలిచ్చి, మొదటి నుంచి సెటప్ చేసి చూడుండ్రి, పాతోని ఆపిల్ పాస్‌వర్డ్ అడిగినా కంపెనీ పేరొచ్చినా లేచి రాండ్రి.

ఎప్పుడంటే, ఆషాఢంల. గనీ మూఢంల. ముహూర్తాలుండయ్, కెమెరాలు బ్యాగుల్ల ఉంటయ్, చేతులు నేర్చుకునుటానికి నెల రోజులు దొరుకుతయ్. మూఢంల కొత్త వస్తువు కొంటర్రా అని మా అమ్మ ఒప్పుకోలే, అందుకని మంచి రోజు చూసి కొన్నం, మూఢంల డబ్బా విప్పినం. శ్రావణమాసం ముందు రోజు కొని తెల్లారి నుంచే పెళ్లి మిక్సింగ్ చేస్త అనుకునేటోళ్లకు ఒక దండం.

బిల్లు కాడ జాగ్రత్త

నాకు మునుపు ఒక మానిటర్ కాడ తాకింది దెబ్బ. తెల్ల కాయితం మీద రాసిచ్చిన బిల్లు, వెయ్యి తక్కువ అన్నడని తీస్కున్న, ఎనిమిది నెలలకు తెర మీద గీతలొచ్చినయ్, పోతే ఈ కాయితం చెల్లదన్నరు. వెయ్యికి ఆశపడి పన్నెండు వేలది పక్కకు పడేసిన.

కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. మీకు రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద మీ షాపు పేరు, జీఎస్టీ నంబర్ పడాలె, అప్పుడు ఆ పన్ను ఇన్‌పుట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీల తగ్గి, తిరిగొస్తది. కాంపోజిషన్ స్కీమ్ల ఉన్నోళ్లకు రాదు. ఇన్‌కమ్‌టాక్స్‌ల కంప్యూటర్‌కు ఏడాదికి 40 శాతం తరుగుదల చూపెట్టుకోవచ్చు, ఆ ఆర్థిక సంవత్సరంల 180 రోజుల కంటె తక్కువ వాడితే దాంట్ల సగమే. ఇన్‌పుట్ తీస్కున్న జీఎస్టీ మీద మల్ల తరుగుదల చూపెట్టుడు కుదరదు, ఇది మీ ఆడిటర్‌కు గుర్తు చేయుండ్రి.

బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలె, డబ్బా మీద నంబర్, మిషన్ల ఎడమ దిక్కు పైన ఆపిల్ గుర్తు నొక్కి అబౌట్ దిస్ మ్యాక్‌ల కనపడే నంబర్, మూడూ ఒక్కటే కావాలె. ఆపిల్ వాళ్ల కవరేజ్ చూసే పేజీల ఆ నంబర్ కొడ్తే వారంటీ ఎప్పటిదాక ఉందో చూపెడ్తది. కొన్నది నిన్న, వారంటీ మూడు నెలల కింద మొదలైనట్టు చూపెడ్తే అది డెమో పీస్ గనీ ఎవలో తిరిగిచ్చింది గనీ అయి ఉండొచ్చు, షాపులనే నిలబడి అడుగుండ్రి, బిల్లు తేదీ చూపిచ్చి సరి చేపియ్యుండ్రి. డబ్బా విప్పేది మొదటి నుంచి ఆఖరుదాక ఫోన్ల వీడియో తీయుండ్రి, వీడియో తీసుడు మన పనే కదా.

నో కాస్ట్ ఈఎమ్ఐ అంటరు గని, వడ్డీని డిస్కౌంట్ లెక్క తీసేసి చూపిచ్చినా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కార్డ్ బ్యాంకు వేస్తది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్దదేం కాదు, తెలిసి కట్టుడు మంచిది.

మొదటి రోజు

ఆపిల్ అకౌంట్ మీ సొంత మెయిల్‌తోని, మీ సొంత నంబర్‌తోని పెట్టుండ్రి. షాపుల పిలగాడు అన్నా నేనే పెట్టిస్త అని వాని మెయిల్‌తోని పెట్టేస్తడు, మీ ఎడిటర్ వాని మెయిల్‌తోని పెడ్తడు, రెండేండ్లకు వాడు పని మానేసి పోతడు, అప్పుడు మీ మిషన్ తాళంచెయ్యి వాని ఫోన్ల ఉంటది. ఓటీపీ వచ్చే నంబర్‌కు రీచార్జ్ ఆగకుండ చూసుకోండ్రి.

తర్వాత పోయిన మిషన్‌ను వెతికే ఫైండ్ మై ఆన్ చేయుండ్రి. దీంతోని యాక్టివేషన్ లాక్ పడ్తది, దొంగ ఎత్తుకపోయి తుడిచినా మీ పాస్‌వర్డ్ లేకుండ సెటప్ కాదు. లాప్‌టాప్ అయితే ఫైల్‌వాల్ట్ గూడ పెట్టుండ్రి, డిస్క్ లోపలున్నది పాస్‌వర్డ్ లేకుండ ఎవ్వలు చదవలేరు. అది రికవరీ కీ అని ఒక పొడుగు నంబర్ ఇస్తే కాయితం మీద రాసి ఇంట్ల బీరువాల పెట్టుకోండ్రి, ఆ మ్యాక్‌లనే నోట్స్‌ల రాసి దాచుకునేటోళ్లను నేను చూసిన. పాస్‌వర్డ్, కీ రెండూ పోతే డేటా ఎవ్వలు తేలేరు, ఆపిల్ వాళ్లు గూడ.

డేటా మార్చుడు

మైగ్రేషన్ అసిస్టెంట్ అని ఆపిల్ వాళ్లదే ఉంది, విండోస్‌ల ఒకటి వేసి మ్యాక్‌ల ఒకటి తెరిచి ఒక్కటే వైఫైల గనీ ల్యాన్ కేబుల్‌తోని గనీ కలిపితే ఫైళ్లు, మెయిళ్లు, కాంటాక్టులు తెస్తది. ఇంటి కంప్యూటర్‌కు మంచిదే. మన టెరాబైట్ల పెళ్లిళ్లకు కాదు.

హార్డ్ డిస్క్ కాడ అసలు సంగతి ఇది. విండోస్‌ల వాడిన డిస్క్‌లు ఎక్కువ మటుకు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌ల ఉంటయ్, మ్యాక్ వాటిని చదువుతది గని రాయదు. నేను పాత 4 టీబీ డిస్క్ పెట్టిన, ఫోటోలన్నీ కనపడ్డయ్, ఆల్బమ్ ఫైలు దాంట్లనే సేవ్ కొడ్తే కాదంటది, డిస్క్ ఖరాబైందేమో అని గంట సేపు పరేషాన్. డిస్క్ బాగనే ఉంది. పాత పెళ్లిళ్లున్న డిస్క్‌లను అట్లనే ఉంచుండ్రి, చదువుకునే బీరువా లెక్క. కొత్తగ ఒక ఎస్ఎస్‌డీ తీస్కోని మ్యాక్ ఒక్కదాంట్లనే వాడేదైతే ఏపీఎఫ్‌ఎస్, రెండు దిక్కులా తిప్పేదైతే ఎక్స్‌ఫ్యాట్‌ల ఫార్మాట్ చేయుండ్రి. ఫ్యాట్ 32 వద్దు, దాంట్ల 4 జీబీ కంటె పెద్ద ఫైలు పట్టది, మన ఒక్క క్లిప్పే అంతుంటది. ఎక్స్‌ఫ్యాట్‌తోని ఒక భయం ఉంది, ఎజెక్ట్ కొట్టకుండ వైరు పీకితే ఫోల్డర్లు మాయమైతయ్. విండోస్‌ల ఉత్తగ గుంజేసే అలవాటు ఇక్కడ మానుకోవాలె.

అన్నిటికంటె ముఖ్యం, మ్యాక్ ఒక డిస్క్ పెట్టంగనే ఇది చదవలేకపోతున్న ఫార్మాట్ చెయ్యాల్నా అని అడిగితే ఓకే నొక్కకండ్రి. ఆ డిస్క్ పీకి పాత విండోస్‌ల పెట్టి చూసి, లోపల ఏముందో తెలిసినంకనే.

వేళ్లకు పట్టే నెల

కంట్రోల్ కాడ కమాండ్, గది రెండు రోజుల్ల వస్తది. ఎంటర్ కొడ్తే ఫైలు తెరవది, పేరు మార్చమంటది, తెరిచేది కమాండ్ ఓ తోని. ఫైలు కట్ చేసి వేరే కాడ పెట్టాలంటే కట్ ఉండది, కమాండ్ సీ కొట్టి అవతలికి పోయి ఆప్షన్ కమాండ్ వీ కొట్టాలె. డిలీట్ మీట బ్యాక్‌స్పేస్ పని చేస్తది, ముందటి అక్షరం పోవాలంటే ఎఫ్ఎన్ పట్టుకోని కొట్టాలె. ఏదన్న వెతకాలంటే కమాండ్ స్పేస్, తెర ఫోటో తీయాలంటే షిఫ్ట్ కమాండ్ 4, బిగుసుకపోతే ఆప్షన్ కమాండ్ ఎస్కేప్.

ఎర్ర బటన్ నొక్కితే విండో పోతది గని శానా మటుకు సాఫ్ట్‌వేర్ బంద్ కాదు. మా తమ్ముడు సాయంత్రం దాక ఎర్ర బటనే నొక్కుకుంట పోయిండు, తెర కింద ఐకాన్లుండే డాక్‌ల చూస్తే పదకొండు వాటి కింద చుక్కలున్నయ్, ఫోటోషాప్, క్రోమ్ లాంటియి అన్నీ లోపల మేలుకోనే ఉన్నయ్, స్లో అయిందన్నా అంటడు. కమాండ్ క్యూ కొడ్తేనే పోతయ్.

బ్యాకప్, కరెంటు, వాన

మ్యాక్‌లనే ఉండే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ టైమ్ మెషిన్ కోసం ఒక డిస్క్ వేరేగ పెట్టుండ్రి, మ్యాక్ స్టోరేజ్‌కు రెండింతలన్న ఉండాలె, పెళ్లిళ్లున్న డిస్క్ దీనికి ఇవ్వకండ్రి, మొదలు పెట్టేటప్పుడు అది డిస్క్‌ను తుడుస్తది. ఇది మ్యాక్‌ను కాపాడ్తది. పెళ్లి ఫుటేజ్‌కు వేరే లెక్క: ఒకటి పని చేసే ఎస్ఎస్‌డీల, రెండోది షాపుల పెద్ద హార్డ్ డిస్క్‌ల, మూడోది ఇంట్ల. ఆల్బమ్, వీడియో ఇచ్చి, మిగిలిన పైసలు వచ్చేదాక కెమెరా కార్డులు గూడ ఫార్మాట్ కొట్టకుండ ఉండగలిగితే ఇంకా మంచిది, గని సీజన్ల అది కాదని నాకు తెలుసు.

మూడోది ఇంట్ల ఎందుకంటున్ననంటే 2023 జూలై వానలకు భద్రకాళి చెరువు కట్ట తెగింది, 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తుఫానుకు హనుమకొండ, వరంగల్ల కాలనీలకు కాలనీలు మునిగినయ్. నాలా పక్కన గ్రౌండ్ ఫ్లోర్ల షాపులున్నోళ్లకు కొత్తగ చెప్పేదేముంది. సీపీయూ, యూపీఎస్, డిస్క్‌లు నేల మీద పెట్టకండ్రి, నడుము ఎత్తున ఒక అర కొట్టిచ్చుకోండ్రి. మ్యాక్ మినీ అరచెయ్యంత ఉంటది, వాన గట్టిగుంటే సాయంత్రం బ్యాగుల వేస్కోని ఇంటికి పోవచ్చు, నేను రెండుసార్లు పోయిన.

మినీకి మానిటర్‌కు కలిపి 600 వీఏ యూపీఎస్ సరిపోతది. కరెంటు పోయినప్పుడు సేవ్ కొట్టి బంద్ చేసేంత టైమ్ ఇస్తే చాలు. ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తోని చూపెట్టుకోండ్రి, పాత బిల్డింగుల్ల మూడో పిన్ను రంధ్రం ఉంటది గని వెనుక వైరే ఉండది. మ్యాక్‌బుక్ అల్యూమినియం బాడీ మీద చెయ్యి పెడ్తే జుమ్మంటుంది అని ఫోన్ చేసేటోళ్లు ఎక్కువ శాతం ఈ ఎర్తింగ్ లేక, గనీ రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి.

వారంటీ ఏది చూస్తది, ఇన్సూరెన్స్ ఏది చూస్తది

కొన్నప్పుడు వచ్చే వారంటీ ఒక ఏడాది, తయారీల లోపం ఉంటేనే. కింద పడినా, చాయ్ ఒలికినా దానికి సంబంధం లేదు. ఆపిల్ వాళ్లే వేరే పైసలకు ఇచ్చే ఆపిల్‌కేర్ ప్లస్ తీస్కుంటే పడుడు, ఒలుకుడు గూడ వస్తయ్, అయితే అప్పుడు గూడ రిపేరుకు ఒక ఫీజు మనం కట్టాలె, ఉత్తగ కాదు. కొన్న 60 రోజుల లోపల తీస్కోవాలె, నేనైతే ఫోన్ల 45వ రోజుకు అలారం పెట్టుకున్న. మ్యాక్ దొంగతనం అయితే ఇది ఇవ్వదు. వరద, మంటలు గూడ దీని పని కాదు.

నా మాటైతే, లాప్‌టాప్‌కు తీస్కోండ్రి, మండపాలల్ల తిప్పే వస్తువు, పిల్లలు కూల్‌డ్రింక్ పట్టుకోని పక్కనే తిరుగుతరు. టేబుల్ మీద కదలకుండ ఉండే మినీకి నేను తీస్కోలే, ఆ పైసలు షాపు ఇన్సూరెన్స్‌ల పెట్టిన. దాంట్ల ఎలక్ట్రానిక్ వస్తువుల సెక్షన్ వేరే ఉంటది, మ్యాక్, కెమెరాలు, లెన్సులు సీరియల్ నంబర్లతోని రాయియ్యాలె. వరద కవర్ అయితదా, షాపు బయటికి తీస్కపోయినప్పుడు కవర్ అయితదా అని ఏజెంట్ నోటిమాట కాకుండ పాలసీ కాయితంల చూడుండ్రి. దొంగతనం కవర్ అంటే మామూలుగ తాళం పగలగొట్టిన ఆనవాలుండాలె అంటరు, షట్టర్ తెరిచి చాయ్‌కు పోయినప్పుడు మాయమైతే పేచీ వస్తది. పోయినప్పుడు ఎఫ్ఐఆర్‌ల సీరియల్ నంబర్ పడాలె, అందుకే బిల్లు ఫోటో గూగుల్ డ్రైవ్‌ల గూడ పెట్టుకోండ్రి, ఉన్న ఒక్క కాపీ పోయిన మ్యాక్‌లనే ఉంటే ఏం లాభం.

సర్వీస్ కోసం మనకు దగ్గరల ఆథరైజ్డ్ సెంటర్ ఎక్కడుందో కొనకముందే ఆపిల్ సైట్‌ల చూసుకోండ్రి, లేకపోతే కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పోయి రావాలె, ఒక రోజు కూలి పాయె. ఇచ్చేముందు బ్యాకప్ తీయుండ్రి, జాబ్ షీట్ మీద గీతలు, సొట్టలు ఏమున్నయో రాయించుకోండ్రి.

అమ్మినోడు మాట తప్పితే ముందు 1915కు ఫోన్ చేయుండ్రి, వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడ్తరు. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేండ్ల లోపల కేసు వేయాలె, 5 లక్షల లోపల కొన్నదానికి ఫీజు లేదు. జీఎస్టీ బిల్లు ఉంది కాబట్టి ఇది వ్యాపారానికి కొన్నది, మీరు వినియోగదారు కాదు అని అవతలోడు వాదించొచ్చు, బతుకుదెరువు కోసం సొంతంగ పని చేసుకునేటోళ్లకు చట్టంల మినహాయింపు ఉంది, ఆ ముక్క దరఖాస్తుల ముందే రాయుండ్రి.

పాత కంప్యూటర్

ఒక సీజన్ మొత్తం దాటేదాక అమ్మొద్దు. మాది ఇప్పుడు మూలకు ఉంది, నెట్ పీకేసినం, అను, పేజ్‌మేకర్, ట్యాలీ దాంట్ల నడుస్తున్నయ్, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తోని అటిటు పోతయ్. సపోర్ట్ లేని విండోస్ 10 మీద బ్యాంకు లాగిన్లు, మెయిళ్లు తెరవకండ్రి.

అమ్మే రోజు వచ్చినప్పుడు అడోబీల, గూగుల్ల, మైక్రోసాఫ్ట్‌ల సైన్ అవుట్ కొట్టి, రీసెట్ దిస్ పీసీల అన్నీ తుడిచేది పెట్టుండ్రి. డేటా డిస్క్ మాత్రం ఊడదీసి మీ కాడనే ఉంచుకోండ్రి, కొనేటోడు ఇంకో ఐదు వందలు ఎక్కువిస్తా అన్నా సరే. దాంట్ల పరాయోళ్ల ఆడపిల్లల ఫోటోలున్నయ్.